హీరోయిన్ గొంతు, హార్మోన్ గుళికలు

హైదరాబాదు వచ్చిన మొదటి ఏడాదంతా నేను తెర మీద పనిమనుషులకీ, పెళ్ళి సీన్లలో పేరంటాళ్ళకీ, హీరోయిన్ పక్కన ఊరికే నవ్వే స్నేహితురాళ్ళకీ గొంతు ఇచ్చాను. "అమ్మగారూ, కాఫీ" అన్న ఒక్క మాట కోసం శ్రీనగర్ కాలనీ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఆటో మాట్లాడుకుని వెళ్ళిన రోజులున్నాయి. తొంభైల మొదటి సంవత్సరాలవి. సినిమాలు ఒక్కొక్కటే మద్రాసు వదిలి ఇక్కడికి వచ్చేస్తున్నాయి. మా ఆయన ఎడిటింగ్ రూములో అసిస్టెంటు. పని ఎక్కడుంటే అక్కడికే కదా, ఇద్దరు పిల్లల్నీ సామాన్లనీ వేసుకుని మేమూ వచ్చేశాం.

అసలు మద్రాసులోనే నా గొంతు ఒకసారి పోయి తిరిగొచ్చింది. రెండో కాన్పు తర్వాత ఒళ్ళు బరువెక్కింది, ఎండాకాలంలో కూడా చలేసేది, జుట్టు కుచ్చులుగా ఊడేది. వీటన్నిటినీ సర్దుకున్నాను గానీ గొంతు మొద్దుబారిపోవడం మాత్రం భరించలేకపోయాను. పదహారేళ్ళ పిల్ల పలకాల్సిన మాట పెద్దముత్తైదువ నోట్లోంచి వచ్చినట్టు వచ్చేది. అక్కడి డాక్టరు మెడ తడిమి, రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ గ్రంథి మందగించిందని చెప్పాడు. అలాంటి గ్రంథి ఒకటి మెడలో ఉంటుందని నాకు తెలిసింది ఆ రోజే. రోజూ పరగడుపున వేసుకోమని ఒక చిన్న మాత్ర ఇచ్చాడు. నెలలు గడిచేకొద్దీ నా గొంతు నాకు దక్కింది. ఆనాటి నుంచి ఆ మాత్ర పడకుండా కాఫీ ముట్టుకునేదాన్ని కాదు.

జూబ్లీహిల్స్ అప్పటికింకా సగం బండరాళ్ళే. ఒక మలుపులో పెద్ద బంగళా, దాని పక్కనే ఏనుగంత రాయి, రాయి దాటితే మళ్ళీ ఇంకో బంగళా. ఫిల్మ్‌నగర్‌కి ఎక్కే దారిలో ఒకావిడ తన ఇంటి ముందుగదిలో బ్యూటీ పార్లర్ నడిపేది. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. డబ్బింగ్ ఆలస్యమైనప్పుడల్లా నేను వెళ్ళి అక్కడే కూర్చునేదాన్ని. ఆవిడ నడవడం, మాట్లాడడం, నవ్వడం అన్నీ పెద్ద చప్పుడుతోనే. ఆవిడ తెలంగాణ యాసంటే నాకెంత ఇష్టమంటే, ఇంటికొచ్చాక అద్దం ముందు నిలబడి ఆవిడలా పలికి చూసుకునేదాన్ని.

ఒకరోజు నా మొహం చూసి ఆవిడ దువ్వెన పక్కన పెట్టేసింది.

"ఏందక్కా, మొఖం గిట్ల గుంజుకపోయింది? నిద్ర పోతలేవా?"

"ఎంత పడుకున్నా చాలడం లేదు. నెలసరి కూడా అటూ ఇటూ అవుతోంది. మైకు ముందు కాసేపు నిలబడితే చాలు, కాళ్ళు లాగేస్తున్నాయి."

"హార్మోన్లు గడబడ అయినయి, గంతే. జర ఆగు, నా తాన మంచి దవా ఉంది."

లోపలికెళ్ళి ఒక గాజు సీసా తెచ్చింది. దాని నిండా ఆకుపచ్చ గుళికలు. "చెట్ల మందక్కా. సముద్రంల పెరిగే నాచు, అశ్వగంధ, ఇంకేవో వేర్లు. ఆడోళ్ళ హార్మోన్లకు మస్తు పని చేస్తది. నేను సుత ఏసుకుంటున్న, చూడు నన్ను!"

చూశాను. ఆవిడ నిగనిగలాడుతూనే ఉంది. పైగా ఆకులూ వేర్లే కదా, మా అమ్మ చేసే శొంఠి కషాయం లాంటిదే కదా అనుకున్నాను. పొద్దున్నే డాక్టరు మాత్ర, ఆ తర్వాత రెండు పూటలా ఆకుపచ్చ గుళిక. అది మందుల లెక్కలోకి వస్తుందని నాకు తట్టనే లేదు.

కొన్ని వారాలకి నాలో ఎవరో దీపం పెద్దది చేసినట్టయింది. తెల్లారకముందే మెలకువ వచ్చేది. లేస్తే ఒంట్లో బద్ధకమన్నది లేదు. పిల్లలు లేచేసరికి వంట, ఇల్లు, బట్టలు అన్నీ అయిపోయేవి. సరిగ్గా అప్పుడే ఒక డైరెక్టరు నుంచి కబురొచ్చింది. బొంబాయి నుంచి కొత్త హీరోయిన్ని తెచ్చారట, ఆ అమ్మాయికి తెలుగు ఒక్క ముక్క రాదు, గొంతు కోసం వెతుకుతున్నారు, వచ్చి టెస్ట్ ఇవ్వమన్నారు.

ఆ డబ్బింగ్ థియేటరు చీకటి, తెర మీద ఆ పిల్ల మొహం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టున్నాయి. హీరోయిన్ ఒక ఆటోవాడితో నడిరోడ్డు మీద తగువు పడే సీను. డైలాగు పేజీ నిండా ఉంది, ఎక్కడా ఆగేది లేదు. షూటింగులో ఆ అమ్మాయి తెలుగు మర్చిపోయిన చోటల్లా అంకెలు లెక్కపెట్టేసింది. పెదవులు అంకెలు పలుకుతుంటే వాటి మీద నేను తిట్లు అతికించాలి! హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. రీలు తిరిగింది. నోరు తెరవగానే మాటలు వాటంతటవే దూకాయి. ఒకదాని వెనక ఒకటి, పెదవి ఎక్కడ మూసుకుంటే అక్కడ మూసుకుంటూ, ఆ పిల్ల కనుబొమ ఎగరేస్తే నా గొంతూ ఎగురుతూ, చివర్లో రాత ప్రతిలో లేని "పోవయ్యా!" ఒకటి నేనే చేర్చి ఆపాను.

లైట్లు వెలిగాయి. డైరెక్టరు లోపలి గది తలుపు తోసుకుని పరుగెత్తుకొచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, లావుగా, ఎప్పుడూ చేతి రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఉండేవాడు.

"ఏవండీ! ఎక్కడున్నారండీ ఇన్నాళ్ళూ? అదరగొట్టేశారు! ఆ 'పోవయ్యా' ఎవరు రాశారండీ?"

"నోటికొచ్చేసిందండీ."

"ఉంచేయండి, ఉంచేయండి. సినిమా మొత్తం మీరే చెప్తున్నారు."

ఆ రోజు ఆటో పిలవలేదు. ఫిల్మ్‌నగర్ నుంచి కిందికి గంతులేస్తున్నట్టే నడిచొచ్చాను. దారిలో పార్లర్‌లోకి దూరి ఆవిణ్ణి గట్టిగా వాటేసుకున్నాను. "నేను చెప్పలే అక్కా! నా దవా పని చేసింది!" అని ఆవిడ నాకంటే గట్టిగా అరిచింది. నాకూ అదే నమ్మకం. సీసా అయిపోయేలోపే ఇంకోటి తీసుకున్నాను.

డబ్బింగ్ మొదలైంది. మామూలుగా రెండు రోజులు పట్టే రీలు ఒక్క పూటలో అయిపోయేది. సౌండ్ ఇంజినీరు మద్రాసులో నాకు పరిచయమున్న పెద్దాయన, ఎవరినీ ఊరికే మెచ్చుకోడు. ఆయన కూడా "ఏంటమ్మా ఈ స్పీడు?" అని ఆశ్చర్యపోయాడు. నేను సన్నబడ్డాను. జాకెట్లు వదులయ్యాయి. కనిపించిన వాళ్ళంతా "మీరే హీరోయిన్‌లా ఉన్నారు" అనేవాళ్ళు. నిద్ర సరిగ్గా పట్టేది కాదు, ఏసీ గదిలో కూడా చెమటలు, గుండె ఎప్పుడూ దడదడలాడుతూ ఉండేది. ఇన్నేళ్ళకి ఇంత అదృష్టం పడితే గుండె కొట్టుకోదా మరి? సంతోషమంటే ఇలాగే ఉంటుందేమో, మనం ఇదివరకెప్పుడూ ఇంత సంతోషంగా లేం కాబట్టి తెలియలేదేమో అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

మొదట కాగితం పట్టిచ్చింది. నేను చేత్తో పట్టుకున్న డైలాగు కాగితం రెపరెపలాడుతోందనీ, ఆ చప్పుడు మైకులో పడుతోందనీ ఇంజినీరు చెప్పాడు. కాగితం స్టాండు మీద పెట్టాను. తర్వాత గాజుల చప్పుడన్నాడు. చెయ్యి ఆనించకుండా నిలబడితే గాజులు వాటంతటవే గలగలమంటున్నాయి. తీసి సంచీలో పడేశాను. ఇక చప్పుడయ్యేవేమీ ఒంటి మీద లేవు.

అప్పుడొచ్చింది ఆ సీను. సినిమా చివర్లో హీరోయిన్ తండ్రికి ఎదురుగా కూర్చుని, నేను ఈ పెళ్ళి చేసుకోనని మెల్లగా చెప్తుంది. కేక లేదు, కన్నీళ్ళు లేవు. నిండుకుండలా కూర్చుని ఒకే ఊపిరిలో పొడుగాటి మాట ఒకటి చెప్పాలి. నేను చెప్పాను. మాట చివర నా గొంతు వణికింది.

"బాగుందండీ, కానీ ఏడుపొద్దు. ఆ అమ్మాయి ఏడవట్లేదు చూడండి" అన్నాడు డైరెక్టరు.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అక్కడే వణికింది. ఊపిరి మధ్యలోనే అయిపోతోంది. ఇంకోసారి. మరోసారి. తెర మీద ఆ పిల్ల కళ్ళు పొడిగా, సూటిగా చూస్తున్నాయి. ఆ మొహం మీద నా గొంతు మాత్రం ఏడుస్తోంది. ఎంత బిగబట్టినా ఆగదు. నా గొంతు నా మాట వినకపోవడం ఎంత భయంగా ఉంటుందో చెప్పలేను. హెడ్‌ఫోన్ తీసేసి బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

పక్క గదిలో ఎడిటింగ్‌లో ఉన్న మా ఆయనకి ఎవరో చెప్పారు కాబోలు, పరుగున వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. ఆయన మొహం మారిపోయింది.

"ఇంతసేపట్నుంచి కూర్చునే ఉన్నావా?"

"ఆఁ, కూర్చునే ఉన్నాను."

"మరి కొండెక్కి దిగినదానిలా ఇదేంటే, ఇలా పరిగెడుతోంది? లే, డాక్టరు దగ్గరికి వెళ్దాం."

బంజారాహిల్స్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. వయసు మళ్ళిన మనిషి, తొందర లేని గొంతు. నా చేతులు ముందుకి చాపించి, వేళ్ళ మీద ఒక కాగితం పరిచి చూసింది. కాగితం నాట్యమాడింది. మెడ తడిమింది. ఏం మందులు వాడుతున్నావని అడిగింది. థైరాయిడ్ మాత్ర చెప్పాను.

"ఇంకేమైనా?"

"ఇంకేం లేవండీ."

"బలానికనీ, జుట్టుకనీ, నెలసరికనీ ఏమైనా?"

"అవి మందులు కావండీ, మూలికలు..." అన్నాను.

ఆవిడ నవ్వింది గానీ వెటకారంగా నవ్వలేదు. సీసాలో ఏమేమున్నాయో చెప్పమంది. నేను నాచు అనగానే తల ఊపింది. "సముద్రపు నాచులో అయొడిన్ చాలా ఉంటుందమ్మా. మన థైరాయిడ్ తన హార్మోన్‌ని తయారు చేసుకునేది ఆ అయొడిన్‌తోనే. సరిపడా ఉంటే మంచిదే. విపరీతంగా పోస్తే కొందరికి గ్రంథి గాడి తప్పి పరుగెడుతుంది, కొందరికి అసలు మూలన పడుతుంది. అశ్వగంధ కూడా కొంతమందిలో థైరాయిడ్‌ని పైకి తోస్తుంది. వాటి మీద నీ మాత్ర ఒకటి ఎలాగూ ఉంది. మూడూ కలిసి నిన్ను పరిగెత్తిస్తున్నాయనుకుంటున్నాను."

"అనుకుంటున్నారా? నిజం తెలియదా?" అన్నాడు మా ఆయన కంగారుగా.

"పరీక్ష చేస్తే హార్మోన్ ఎక్కువుందో లేదో తెలుస్తుంది. ఎందువల్లో మాత్రం గుళికలు మానేస్తే తెలుస్తుంది. మానేశాక తగ్గితే అవే కారణమని అనుకోవచ్చు. తగ్గకపోతే ఇంకేదో వెతుకుదాం."

రక్తపరీక్షలో హార్మోన్ బాగా ఎక్కువే ఉంది. ఆకుపచ్చ గుళికలు ఆ పూటే ఆపేయమంది. నా పాత మాత్ర కూడా కొన్నాళ్ళు తాను చెప్పేదాకా ఆపమంది. "నీ అంతట నువ్వు ఆపడం, మొదలుపెట్టడం రెండూ వద్దు" అని గట్టిగా హెచ్చరించి, గుండె దడ తగ్గడానికి వేరే మాత్ర ఇచ్చింది.

ఇంటికొస్తుంటే నాకు భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది. నాలో ఇన్నాళ్ళూ ఎగిరిన ఆ ఉత్సాహం, ఆ "పోవయ్యా", రీలు రీలుకీ దూకిన ఆ మాటలు, అవన్నీ గుళికలవేనా? మరి నాదేది? రేపు ఇవి ఒంట్లోంచి పోయాక మళ్ళీ "అమ్మగారూ, కాఫీ" దగ్గరికే పోతానా?

డైరెక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. నిర్మాత మద్రాసు నుంచి ఇంకొకరిని పిలిపిద్దామన్నాడట. చివరికి డైరెక్టరు అన్నాడు: "సినిమా అంతా ఒక గొంతు విని, చివర్లో తండ్రి ముందు ఇంకో గొంతు వింటే జనం ఊరుకుంటారాండీ? ఎలాగూ ఒక పాట షూటింగు మిగిలింది. అది పూర్తయ్యేదాకా ఆ రీళ్ళు పక్కన పెడతాను. మీరు రెస్ట్ తీసుకోండి. కానీ అప్పటికీ వణికితే మాత్రం నేనేం చెయ్యలేను, ముందే చెప్తున్నా."

పార్లర్ ఆవిడకి చెప్పడం మాత్రం అంత తేలిగ్గా కాలేదు.

"నేను నీకు విషం ఇచ్చిన్నా అక్కా?"

"విషమని ఎవరన్నారు? నాకు ఆ రోగం ఉంది, ఆ మాత్ర వేసుకుంటున్నాను. నీకు చెప్పలేదు, నువ్వు అడగలేదు. నువ్వు కూడా ఒకసారి పరీక్ష చేయించుకో."

"నాకేమైంది? గుండ్రాయి లెక్కున్న!" అంది గానీ, మర్నాడు నాతో పాటు డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడ పరీక్షలో ఏ తేడా లేదు. నేను ఎగిరి గంతేస్తే ఆవిడ మాత్రం మొహం ముడుచుకుని, "మరి నీకొక్కదానికే ఎందుకైంది అక్కా?" అంది. డాక్టరమ్మే జవాబు చెప్పింది. ఒంటి తీరు అందరిదీ ఒకటి కాదనీ, ఇప్పుడు బాగుంది కదాని రేపూ అలాగే ఉంటుందనుకోవద్దనీ, థైరాయిడ్ ఉన్నవాళ్ళకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ ఇలాంటివి అడగకుండా ఇవ్వొద్దనీ. ఆ రోజు నుంచి పార్లర్‌లో ఎవరు కుర్చీలో కూర్చున్నా మొదటి ప్రశ్న అదే, వీధి చివరికి వినపడేలా: "థైరాయిడ్ గోలీ ఏసుకుంటున్నవా అక్కా?" కొన్నాళ్ళకి ఆ సీసాలు తెప్పించడమే మానేసింది.

రోజులు గడిచేకొద్దీ నా ఒంట్లోంచి ఆ పరుగు తగ్గుతూ వచ్చింది. ఒకరోజు పొద్దున కళ్ళు తెరిస్తే ఎండ గదిలోకి వచ్చేసి ఉంది! అంతసేపు నిద్రపోయానా అని సంబరపడిపోయాను. చేతులు చాపి కాగితం పెట్టుకుని చూసుకున్నాను. కదల్లేదు. మళ్ళీ పరీక్ష చేస్తే హార్మోన్ దాదాపు మామూలుకి వచ్చింది. ఇంకొన్నాళ్ళకి డాక్టరమ్మ నా పాత మాత్రని తక్కువ మోతాదులో మళ్ళీ మొదలుపెట్టింది.

పాట షూటింగు పూర్తయి డబ్బింగ్ థియేటరుకి పిలుపొచ్చింది. ఆ మెట్లు ఎక్కుతుంటే మళ్ళీ గుండె కొట్టుకుంది గానీ, ఈసారి అది ఎందుకు కొట్టుకుంటోందో నాకు తెలుసు. తెర మీద ఆ పిల్ల తండ్రి ఎదురుగా కూర్చుంది. రీలు తిరిగింది. ఊపిరి పీల్చుకున్నాను. మాట మొదలైంది, మెల్లగా సాగింది, నేను దాన్ని ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వచ్చింది. చివరి అక్షరం దాకా ఊపిరి ఉంది. ఇంకా కొంచెం మిగిలింది కూడా. పెదవులు మూసుకున్నాయి, నా గొంతూ ఆగింది. హెడ్‌ఫోన్‌లో ఇంజినీరు, "ఓకే అమ్మా" అన్నాడు. ఆయన గొంతు వణికింది!

అక్కడితో అయిపోయిందనుకున్నాను. డైరెక్టరు తల గోక్కుంటూ వచ్చాడు. "ఏమీ అనుకోకండి. ఆ ఆటో సీనులో మీ ఆయాసం వినపడుతోందండీ. అప్పుడు మోజులో పట్టించుకోలేదు. అది కూడా ఇంకోసారి చెప్పేద్దామా?"

మెల్లటి సీను సరే. ఆ వేగం, ఆ నిప్పు? ఇప్పుడు నా ఒంట్లో గుళికలు లేవు, ఏమీ లేదు. వద్దని చెప్పే వీలూ లేదు. తెర మీద ఆటోవాడు వేలు చూపించాడు, హీరోయిన్ నడుం మీద చెయ్యి పెట్టింది, నేను నోరు తెరిచాను.

వచ్చాయి! మాటలు వచ్చాయి! మునుపటి కంటే శుభ్రంగా, ఒక్కో మాటా దేనికది తెగుతూ, ఆ అంకెలు లెక్కపెట్టే పెదవుల మీద సరిగ్గా వాలుతూ వచ్చాయి. ఆయాసం లేదు కాబట్టి మధ్యలో ఒక చిన్న నవ్వు కూడా పెట్టగలిగాను, మొదటిసారి దానికి ఊపిరే మిగల్లేదు. "పోవయ్యా!" అనేసరికి లోపలి గదిలో అందరూ నవ్వడం అద్దం వెనక కనపడింది. నేను హెడ్‌ఫోన్ విసిరేసినంత పని చేశాను. ఆ గొంతు నాదే. గుళికలు నాకిచ్చింది దడ ఒక్కటే. మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో. "చూశావా?" అని అరిచాను. "చూశానే" అన్నాడు, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ.

సినిమా విడుదలైన రోజు పార్లర్ మూసేసి ఆవిడా నేనూ కలిసి మార్నింగ్ షోకి వెళ్ళాం. హాలు నిండిపోయింది. టైటిల్స్‌లో నా పేరు లేదు, ఆ రోజుల్లో మా పేర్లు వేసేవాళ్ళే తక్కువ. ఆటో సీను రాగానే జనం ఒకటే ఈలలు, "పోవయ్యా" అనగానే కాగితాలు ఎగరేశారు. నేను పమిట కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఆవిడకి మాత్రం ఆగలేదు. ఇంటర్వెల్ లైట్లు వెలగడమే ఆలస్యం, లేచి నిలబడి వెనక వరసల వైపు తిరిగింది.

"గా పిల్లకు తెలుగే రాదు! గా గొంతు మా అక్కది! గీమెదే!"

జనమంతా నా వైపు తిరిగారు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను. ముందు వరసలోంచి ఒక ముసలాయన వెనక్కి తిరిగి, "ఏదమ్మా, ఆ 'పోవయ్యా' ఒక్కసారి అను" అన్నాడు. చుట్టూ అంతా చెవులు రిక్కించారు.

లేచి నిలబడి అన్నాను.